ద్వీపం వదిలి వెళ్ళినవాడి సాక్ష్యం

ఎడిన్‌బరాలో ఒక ప్రాజెక్టు మీద పనిచేస్తున్న రోజుల్లో నా పక్క సీట్లో లూయిస్ ద్వీపం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉండేవారు. లంచ్ టైములో మా ఊరి కబుర్లు మొదలుపెడితే నేనొక పట్టాన ఆపేవాణ్ణి కాదు. చెరువుగట్టు, వేసవి సెలవులు, తాటిముంజలు, మా లెక్కల మాస్టారు... ఆయన ఓపిగ్గా వినేవారు. ప్రాజెక్టు అయిపోయి నేను వచ్చేసే రోజున ఒక పుస్తకం చేతిలో పెట్టి, "ఇది మా ద్వీపం కథ. చదివాక మీ ఊరి గురించి మళ్ళీ చెప్పండి" అన్నారు. ఆ మాటలో ఏదో మెలిక ఉందని అప్పుడు నాకు తోచలేదు.

ఆ పుస్తకం పేరు 'ది బ్లాక్‌హౌస్'. రచయిత పీటర్ మే. ఇంగ్లీషులో అచ్చయింది 2011లో. కానీ అంతకు రెండేళ్ళ ముందే, 2009లో, ఫ్రెంచి అనువాదంగా వెలువడింది. బ్రిటిష్ ప్రచురణకర్తలు వద్దన్న రాతప్రతిని ఫ్రాన్సు వాళ్ళు అచ్చేశారు. గేలిక్ మాట్లాడే మనుషుల కథ ఇంగ్లీషులో రాయబడి, ఫ్రెంచిలో పుట్టిందన్నమాట. ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాష, పిల్లలతో మూడో రకం భాష మాట్లాడుకునే మనకి ఇదేమంత వింతగా అనిపించదు లెండి.

ముందే ఒక హెచ్చరిక. ఇది హంతకుడెవరో చివరిదాకా తేలని నవల. కానీ ఆ సంగతి దాచిపెట్టి దీని గురించి నాలుగు పనికొచ్చే ముక్కలు రాయడం నా వల్ల కాదు. పుస్తకం చదవాలనుకునే వాళ్ళు ఇక్కడే ఆగి, చదివొచ్చి, తరవాత నాతో పోట్లాడండి.

కథ ఇదీ. ఫిన్ మెక్లౌడ్ ఎడిన్‌బరాలో పోలీసు డిటెక్టివ్. స్కాట్లాండుకి వాయవ్యాన ఉన్న లూయిస్ ద్వీపంలో, దాని ఉత్తరపు కొసన ఉన్న నెస్ ప్రాంతంలో పుట్టి పెరిగాడు. అతని ఎనిమిదేళ్ళ కొడుకుని ఎవరో కారుతో గుద్ది, ఆపకుండా వెళ్ళిపోయారు. పిల్లాడు పోయాడు. భార్యతో కాపురం కూడా అటో ఇటో అన్నట్టుంది. అలాంటి సమయంలో నెస్‌లో ఒక హత్య జరుగుతుంది. ఎడిన్‌బరాలో అతను దర్యాప్తు చేస్తున్న హత్యకీ దీనికీ పోలికలున్నాయి. భాష తెలిసినవాడు, ఊరు తెలిసినవాడు అని పైవాళ్ళు అతన్నే పంపిస్తారు. చచ్చినవాడు ఏంజెల్ మెక్రిచీ, బడిలో అందర్నీ చావగొట్టిన రౌడీ. కాబట్టి ఊరంతా అనుమానితులే.

ఫిన్ సుమారు పద్దెనిమిదేళ్ళ తరవాత వెనక్కి వస్తాడు. చిన్ననాటి స్నేహితుడు ఆర్టేర్ అక్కడే ఉన్నాడు. చిన్ననాడు మనసిచ్చిన మార్షలీ ఇప్పుడు ఆర్టేర్ భార్య. వాళ్ళకో టీనేజి కొడుకు. ఇక్కణ్ణుంచి నవల రెండు కాలాల్లో నడుస్తుంది. ఒక అధ్యాయం ఇప్పటి దర్యాప్తు, తరవాతది ఫిన్ బాల్యం. ఇంతవరకూ కొత్తేమీ లేదు. రెండు కాలాల థ్రిల్లర్లు ఎయిర్‌పోర్టు పుస్తకాల షాపుల్లో కుప్పలుగా దొరుకుతాయి. వాటిలో చాలామటుకు పాతకాలం అనేది తాళంచెవి దాచిపెట్టే డ్రాయరు మాత్రమే. చివర్లో తెరుస్తారు, చెవి తీస్తారు, అయిపోతుంది.

ఇక్కడ రచయిత ఒక చిన్న పని చేశాడు. వర్తమానం అధ్యాయాల్లో ఫిన్ 'అతను'. గతం అధ్యాయాల్లో ఫిన్ 'నేను'. ఇవాళ హత్య విచారిస్తున్నవాణ్ణి రచయిత దూరం నుంచి చూపిస్తాడు. అయిదేళ్ళ వయసులో బడికి వెళ్ళినవాడు మాత్రం తనంతట తానే మాట్లాడతాడు. మొదట్లో ఇది కాలాలు కలగాపులగం కాకుండా పెట్టిన గుర్తు అనుకున్నాను. వంద పేజీలు దాటాక నా గురించే రాసినట్టు అనిపించింది. ఆలోచించి చూడండి. పొద్దున్నే రైలెక్కేవాడు, మీటింగుల్లో తలూపేవాడు, ఇంటి అప్పు కట్టేవాడు... వాడి గురించి మనం ఎవరికైనా చెబితే మూడో మనిషి గురించి చెప్పినట్టే ఉంటుంది. అదే ఊరి మాట వస్తే 'నేను' అని మొదలెడతాం, గొంతు మారుతుంది. వలస వచ్చినవాడి వ్యాకరణం ఇది. పీటర్ మే వలస గురించి ఉపన్యాసమేమీ ఇవ్వకుండా, కేవలం సర్వనామంతో ఈ సంగతి పట్టుకున్నాడు.

మొదటి 'నేను' అధ్యాయాల్లోనే బడి మొదటిరోజు ఘట్టం ఉంది. అయిదేళ్ళ ఫిన్‌కి గేలిక్ తప్ప మరో భాష రాదు. టీచరమ్మ ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడుతుంది. పక్కన కూర్చున్న రెండుజడల మార్షలీ అతనికి అనువాదం చేసి పెడుతుంది. అతని అసలు పేరు ఫ్యూన్‌లా. టీచరమ్మ దాన్ని ఇంగ్లీషు చేసి ఫిన్లే అంటుంది. మార్షలీ దాన్ని కత్తిరించి ఫిన్ అంటుంది. జీవితాంతం ఆ పేరే నిలుస్తుంది. స్కాట్లాండులో 1872 నాటి విద్యాచట్టం గేలిక్‌కి ఎలాంటి చోటూ ఇవ్వలేదు. ఆ తరవాత వందేళ్ళకి పుట్టిన పిల్లలు కూడా ఆ ఫలితం అనుభవించారు. 2022 జనాభా లెక్కల నాటికి ఈ పశ్చిమ ద్వీపాల్లో సైతం గేలిక్ మాట్లాడేవాళ్ళు సగానికన్నా తక్కువకి పడిపోయారు. మా ఆఫీసులో నా పేరుని సగానికి కోసి పిలుస్తారు. ఇరవయ్యేళ్ళుగా పలుకుతున్నాను. కాబట్టి ఆ రెండు పేజీలు నేను తొందరగా తిప్పలేకపోయాను.

అయితే రచయిత దీన్ని ఊరికే కన్నీళ్ళ కోసం పెట్టలేదు. మార్షలీ కొడుకు పేరేమిటో తెలుసా? ఫ్యూన్‌లా. ఫిన్ అసలు పేరు. ఆ పిల్లాడు ఎవరి కొడుకో అక్కడే చెప్పేశాడు. డిటెక్టివ్ నవలకి సూచనలు దాచడం ఒక విద్య అయితే, సూచనని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చి కళ్ళెదుటే పెట్టడం ఇంకో విద్య. మనలో తాత పేరు మనవడికి పెట్టుకునేవాళ్ళు ఈ సూచన ఇట్టే పట్టేస్తారు. నేను మాత్రం పట్టలేకపోయాను.

ఇక ద్వీపం సంగతి. నవలలో దానికి అలంకారపు పాత్ర కాదు. బ్లాక్‌హౌస్ అంటే అక్కడి పాతకాలపు రాతి ఇల్లు. మందపాటి గోడలు, పైన గడ్డి కప్పు, పొగగొట్టం ఉండదు, నడిమధ్య పీట్ మంట. పీట్ అంటే బురదనేలల్లోంచి కోసి ఎండబెట్టుకునే మట్టి ఇంధనం. ఆ కప్పు కిందే ఒకవైపు మనుషులు, ఒకవైపు పశువులు. నేను తరవాత ఉల్లాపూల్ నుంచి ఫెర్రీ ఎక్కి లూయిస్ వెళ్ళినప్పుడు ఆర్నోల్ అనే ఊళ్ళో మ్యూజియంగా ఉంచిన అలాంటి ఇల్లు చూశాను. 1966 దాకా అందులో మనుషులు కాపురమున్నారట. లోపల ఇప్పటికీ పొగ వాసన.

ఊళ్ళో ఆదివారం అంటే నిజంగా ఆదివారమే. స్టోర్నవే నుంచి ఉల్లాపూల్‌కి ఆదివారం ఫెర్రీ నడపడం మొదలైంది 2009లోనే. అదీ బోలెడంత గొడవ తరవాత. ఇలాంటిచోట అందరికీ అందరి సంగతులూ తెలుసు. అందుకే ఎవరూ ఏమీ మాట్లాడరు. పట్నంలో రహస్యమంటే ఒకడికే తెలిసింది. చిన్న ఊళ్ళో రహస్యమంటే అందరికీ తెలిసి, అందరూ కలిసి మింగినది. ఈ తేడా మీదే నవల కట్టాడు.

ఆ మింగుడుకి కేంద్రం ఒక రాయి. నవలలో దాని పేరు అన్ స్కేర్. దీనికి మూలం సూల స్కేర్ అనే నిజమైన రాతిదిబ్బ. లూయిస్ ఉత్తరపు కొసనుంచి సుమారు 65 కిలోమీటర్లు, నడి అట్లాంటిక్‌లో. గానెట్ అనే పెద్ద సముద్రపక్షులు అక్కడ గూళ్ళు పెడతాయి. వాటి పిల్లల్ని గూగా అంటారు. నెస్ మగవాళ్ళు కొద్దిమంది ఏటా వేసవి చివర్లో పడవెక్కి వెళ్ళి, రెండు వారాలు ఆ రాతి మీదే ఉండి, కొండ అంచుల మీద తాళ్ళతో వేలాడుతూ ఆ పిల్లల్ని పట్టి చంపి, ఈకలు పీకి, కాల్చి, చీల్చి, ఉప్పులో పేర్చి తెచ్చుకుంటారు. 1954లో పక్షి సంరక్షణ చట్టం వచ్చాక కూడా వాళ్ళకి ప్రత్యేక అనుమతి దక్కింది. ఏడాదికి 2000 పక్షులన్నది చాలాకాలం నడిచిన లెక్క. 2022లో బర్డ్ ఫ్లూ వల్ల వేట ఆగింది. నవలలో ఈ వేట కుర్రవాడు మగవాడయ్యే తంతు. ఫిన్, ఆర్టేర్ ఇద్దరూ ఊరు వదిలే ముందు వేసవిలో అక్కడికి వెళ్తారు. ఆర్టేర్ తండ్రి మెకిన్నిస్ మాస్టారు కూడా వెళ్తాడు. కొండ మీంచి పడిన ఫిన్‌ని ఆయన కాపాడి, తను పడి చచ్చిపోతాడు. ఆ రాతి మీద జరిగింది ఆ రాతి మీదే ఉండిపోవాలన్నది వేటగాళ్ళ కట్టుబాటు.

ఈ మెకిన్నిస్ మాస్టారే కథకి మూలం. పిల్లలిద్దరికీ ఇంట్లో ట్యూషన్ చెప్పి, పరీక్షలు గట్టెక్కించి, యూనివర్సిటీ దారి చూపించినవాడు. ఫిన్ 'నేను' అధ్యాయాలన్నింటిలో ఆయన కష్టపడి చదువు చెప్పిన మంచి మాస్టారు. చివర్లో బయటపడుతుంది, ట్యూషన్ గదిలో ఆయన ఆ పిల్లలిద్దర్నీ ఏళ్ళ తరబడి లైంగికంగా హింసించాడని. ఆర్టేర్‌కి అంతా గుర్తుంది. ఫిన్ మర్చిపోయాడు. ఆ గుర్తున్నవాడే హంతకుడు. ఏంజెల్‌ని చంపింది, ఎడిన్‌బరా హత్యలా కనబడేట్టు చేసింది, ఫిన్‌ని ద్వీపానికి రప్పించడానికే. ఈసారి గూగా వేటకి ఫ్యూన్‌లా కూడా వెళ్తున్నాడు. ఆ రాతి మీద ఆ పిల్లాణ్ణి చంపి ఫిన్ మీద పగ తీర్చుకోవాలన్నది అతని ఎత్తు.

మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ నాకు చిర్రెత్తింది. ఇది మోసం కదా అనుకున్నాను. మూడో మనిషిగా చెప్పే కథలో రచయిత దాచొచ్చు. 'నేను' అని చెప్పేవాడు ట్యూషన్ గది గురించి అంత చెప్పి, అందులో జరిగింది చెప్పకపోతే పాఠకుడికి న్యాయం ఎక్కడుంది? నా వృత్తి సిస్టమ్స్‌లో తప్పులు వెతకడం. ఏదన్నా కూలిపోతే ముందు లాగ్ ఫైళ్ళు చూస్తాం. లాగ్‌లో తప్పు నమోదై ఉంటే పట్టొచ్చు. కానీ ఆ గంటలో లాగ్ రాయడమే ఆగిపోయి ఉంటే? ఖాళీ ఉందని కూడా తెలియదు, ముందు లైనూ వెనక లైనూ అతుక్కుపోయి మామూలుగా కనిపిస్తాయి. రచయిత అలాంటి లాగ్ నా చేతికిచ్చి హంతకుణ్ణి పట్టుకోమన్నాడు. ఇదీ నా ఫిర్యాదు. పుస్తకం షెల్ఫులో పెట్టేశాను.

ఆ తరవాత ఒక తెలుగు సంఘం సావనీరులో మా లెక్కల మాస్టారి గురించి రాశాను. ఎడిన్‌బరాలో లంచ్ టైములో చెప్పిన కబుర్లే. ఆయన సైకిలు, భుజం మీది కండువా, బోర్డు మీద చాకుపీసు విరిగే చప్పుడు, నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టి లెక్కలంటే భయం పోగొట్టిన వైనం. మెప్పుదలలు బాగానే వచ్చాయి. నాతో హైస్కూల్లో చదివినవాడొకడు ఊర్నుంచి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, బాగానే రాశావు గానీ వాడేడిరా?" అన్నాడు.

"ఎవడు?"

"ఆఖరి బెంచీవాడు. మాలపల్లె నుంచి వచ్చేవాడు. మాస్టారి దగ్గర ట్యూషన్‌కి రావడంలేదని రోజూ కొట్టేవారు. ఎనిమిదో క్లాసులో మానేశాడు. చింతబరికె విరుచుకొచ్చేది నువ్వే కదరా, క్లాసు లీడరువి."

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. అబద్ధమని తోసేయడానికి వీల్లేదు. వాడు చెప్పగానే ఆ చింతచెట్టు, నేను ఎక్కే కొమ్మ, ఆకులు దూసి బరికెని నునుపు చేయడం, తెచ్చి బల్లమీద పెడితే మాస్టారు మెచ్చుకోలుగా చూడటం... అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. నేను దాచలేదు. రాస్తున్నప్పుడు అవి రాలేదు, అంతే. ఆ రెండు వేల మాటల్లో ఎక్కడా ఖాళీ ఉన్నట్టు నాకే తెలియలేదు.

రెండూ ఒకటే అనడంలేదు. ఫిన్ మర్చిపోయింది తను పడ్డ హింస. అది గుర్తుంటే బతకలేక మర్చిపోయాడు. నేను మర్చిపోయింది ఇంకొకడు పడ్డ దెబ్బలు, అందులో నా చెయ్యి. అది గుర్తుండకపోతే నాకు సుఖం కాబట్టి మర్చిపోయాను. మొదటిదానికి జాలి పడాలి, రెండోదానికి పడక్కర్లేదు. కానీ నవల మీద నా ఫిర్యాదు మాత్రం నిలబడలేదు. 'నేను' అని చెప్పేవాడు దాస్తున్నట్టు తనకే తెలియకుండా దాచగలడా అన్నది నా ప్రశ్న. దానికి నేనే రుజువు, అచ్చులో.

పుస్తకం మళ్ళీ తీసి చదివాను. ఈసారి 'నేను' అధ్యాయాలు వేరేగా కనిపించాయి. ఫిన్ జ్ఞాపకాలు వివరంగా ఉన్నచోట్ల కాక, తొందరగా దాటిపోయినచోట్ల ఆగాను. ట్యూషన్ రోజుల గురించి అతను చెప్పినదాంట్లో ఫలితం ఉంది, మార్కులున్నాయి, కృతజ్ఞత ఉంది. గది లేదు. ఆర్టేర్ ముభావంగా ఉన్నప్పుడల్లా ఫిన్ దానికి వేరే కారణం చెప్పుకుంటాడు. రచయిత న్యాయంగానే ఆడాడు. చెప్పేవాడి మాట వింటూ పక్కనున్నవాడి మొహం చూడమన్నాడు, నేను చూడలేదు.

ఇంతకీ ఈ నవలలో లోపాల్లేవా అంటే ఉన్నాయి. రెండోసారి చదివాక కూడా పోనివి చెబుతాను.

మొదటిది, ఆర్టేర్ ఎత్తు. ఇరవయ్యేళ్ళు కుళ్ళిపోయిన మనిషి తాగొచ్చు, ఎవరినన్నా ఒక్కసారిగా పొడవొచ్చు. వేరే ఊళ్ళో జరిగిన హత్యని నకలు కొట్టి, ఫలానా డిటెక్టివ్‌నే పంపిస్తారని లెక్కవేసి, వేట పడవ బయల్దేరే రోజుకి అన్నీ సమకూర్చుకోవడం వేరు. అక్కడ మనిషి పోయి ప్లాటు కనిపిస్తుంది. తుఫానులో ఆ రాతి మీదికి చేరే చివరి ఘట్టం ఊపిరి బిగబట్టి చదివిస్తుంది, నిజమే. కానీ అది సినిమా వాళ్ళ కోసం రాసినట్టుంది.

రెండోది, మార్షలీ. బడి మొదటిరోజున ఆమే ఫిన్‌కి నోరు. ఆమే అతనికి పేరు పెట్టింది. అలాంటి మనిషికి పెద్దయ్యాక మాట్లాడటానికి ఏమీ ఇవ్వలేదు. ఇద్దరు మగాళ్ళ మధ్య బరువులా మిగిలిపోతుంది. ఆమెకో 'నేను' అధ్యాయం ఉండి ఉంటే? ఎవరి కొడుకో తెలిసి, ఆ పేరే పెట్టి, ఆ ఇంట్లోనే కాపురం చేసిన ఆడమనిషి జ్ఞాపకం ఆ ఇద్దరి కథలకన్నా పదునైనది. ద్వీపం వదిలి వెళ్ళినవాడికి రచయిత గొంతు ఇచ్చాడు, ఉండిపోయినవాళ్ళకి ఇవ్వలేదు. ఆర్టేర్‌కి కూడా పరీక్షలు తప్పి, ఊళ్ళో మిగిలిపోయిన పాత్రే గానీ గొంతు లేదు. దీనికో కారణం ఉందేమో. పీటర్ మే ఈ ద్వీపం మనిషి కాదు, 1951లో గ్లాస్గోలో పుట్టినవాడు. 1990లలో ఒక గేలిక్ టీవీ సీరియల్ తీయడానికి లూయిస్‌లో ఏళ్ళ తరబడి తిరిగి ఆ నేలని నేర్చుకున్నాడు. గాలినీ వాననీ అంత బాగా రాయడం అందుకే. వచ్చిపోయేవాడి కళ్ళు ఇంకో వచ్చిపోయేవాడి కళ్ళని సులువుగా పట్టుకుంటాయి.

మూడోది, అసలైంది. పిల్లల మీద జరిగిన హింసని చిక్కుముడి విప్పే మెలికగా వాడుకోవడం. అది బయటపడిన తరవాత పేజీలు ఎక్కువ లేవు. ఉన్నవి కూడా పడవకీ తుఫానుకీ పోయాయి. ఇంత బరువైన సంగతి తెలిసిన మనిషి మర్నాడు ఎలా లేచాడు, అద్దంలో ఎలా చూసుకున్నాడు అని అడగడానికి థ్రిల్లర్‌కి తీరిక లేదు. ఆ తరవాత 2012లో 'ది లూయిస్ మ్యాన్', 2013లో 'ది చెస్‌మెన్' వచ్చి ఫిన్ కథ సాగింది. చాలా ఏళ్ళకి 2024లో 'ది బ్లాక్ లాక్' వచ్చింది. ఈ నవల ఎగ్గొట్టిన అప్పు మాత్రం ఈ నవలదే.

అయినా మనవాళ్ళు, ముఖ్యంగా ఇలాంటి సంకలనాల్లో ఊరి జ్ఞాపకాలు రాసేవాళ్ళు, దీన్ని చదవాలంటాను. మనం చాలా రాశాం. చెరువులూ మావిడితోటలూ అమ్మమ్మలూ మాస్టార్లూ. అవి అబద్ధాలని నేననడంలేదు, తీసేయమనీ అనడంలేదు. మెకిన్నిస్ మాస్టారు ఫిన్‌కి చదువు చెప్పిన మాటా నిజమే, ప్రాణం కాపాడిన మాటా నిజమే. మా మాస్టారివల్ల నాకు లెక్కలొచ్చిన మాటా నిజమే. ఆ నిజాలు చెప్పడానికి ఊరు వదిలి వచ్చినవాడు ఒక్కడే సాక్షిగా చాలడు. ఉండిపోయినవాళ్ళని కూడా పిలవాలి. వాళ్ళు చెప్పేది మన వ్యాసానికి అడ్డం పడినా సరే.

ఫోన్ చేసిన స్నేహితుణ్ణి ఆ ఆఖరి బెంచీవాడి గురించి అడిగాను. గుంటూరులో ఎక్కడో మేస్త్రీ పని చేసేవాడని విన్నాడట, ఇప్పుడెక్కడున్నాడో కనుక్కుంటానన్నాడు. ఇంకా కబురు రాలేదు. దొరికినా నాతో మాట్లాడాలన్న అవసరం వాడికేమీ లేదు.

ఎడిన్‌బరా పెద్దాయనకి ఈమధ్య ఉత్తరం రాశాను. పుస్తకం రెండుసార్లు చదివానని, మా ఊరి గురించి మళ్ళీ చెబుతానని. ఈసారి చింతచెట్టు దగ్గర మొదలుపెట్టాను.